నల్లబల్ల పక్కన తెర



ఎంఎడ్ విద్యార్థులు డిసర్టేషన్ రాసే రోజులు దగ్గరపడగానే బీఎడ్, డీఎడ్ తరగతుల్లోకి ఒక కాగితం వస్తుంది. తరగతి గదిలో డిజిటల్ సాధనాల వాడకంపై మీ వైఖరి ఏమిటని అడిగే ప్రశ్నావళి అది. ఒక్కో వాక్యానికి ఎదురుగా ఐదు గడులుంటాయి. 'పూర్తిగా అంగీకరిస్తాను' దగ్గర మొదలై 'అసలు అంగీకరించను' దగ్గర ముగుస్తాయి. రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ 1932లో ఈ పద్ధతిని ప్రవేశపెట్టాడు. మన విద్యా పరిశోధకులు ఇప్పటికీ ఎక్కువగా దీన్నే నమ్ముకుంటారు. 'కంప్యూటర్ సాయంతో చెబితే పాఠం బాగా అర్థమవుతుంది' అన్న వాక్యం కనబడగానే మన ఛాత్రోపాధ్యాయుల్లో ఎక్కువమంది ఆలోచించకుండా మొదటి గడిలోనే టిక్కు పెడతారు.

కొన్నాళ్లకు వాళ్లే ఇంటర్న్‌షిప్ కోసం బడికి వెళతారు. తరగతి గోడకు డిజిటల్ ప్యానెల్ ఉంటుంది, దాని మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఆ పక్కనే సుద్దముక్కతో పాఠం నడుస్తుంటుంది.

ఉపాధ్యాయ శిక్షణలోనే ఉద్యోగం చేస్తున్నదాన్ని కాబట్టి ఈ రెండు దృశ్యాలూ నాకు బాగా తెలుసు. కాగితం మీద ఒకటి చెప్పి గదిలో ఇంకొకటి చేస్తున్నారని ఆ ఛాత్రోపాధ్యాయుల్ని తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు. వాళ్లు రాసింది మనస్ఫూర్తిగానే రాశారు. గదిలో చేసిందీ మనస్ఫూర్తిగానే చేశారు. మధ్యలో ఏం జరిగిందన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

ముందుగా ఒక నమ్మకాన్ని పక్కన పెట్టాలి. ఈ తరంవాళ్లు ఫోను చేతిలో పట్టుకుని పుట్టారు, వీళ్లకు మనం నేర్పేదేముంది అంటుంటారు. మార్క్ ప్రెన్స్కీ అనే రచయిత 2001లో ఇలాంటి మాటే రాస్తే అది ప్రపంచమంతా పాకింది. కానీ పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే 2024లో ఏం చెప్పిందో చూడండి. గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి వాడామన్నవాళ్లు 57 శాతం, సామాజిక మాధ్యమాలు చూశామన్నవాళ్లు 76 శాతం. మన ఛాత్రోపాధ్యాయులు వీళ్లకు అక్కలూ అన్నలే. రీలు ఎడిట్ చేయగలిగినంత మాత్రాన, భిన్నాల కూడిక దగ్గర ఆగిపోయిన ఐదో తరగతి పాపకు ఏ బొమ్మ ఎప్పుడు చూపాలో తెలిసిపోదు. అది వేరే విద్య.

పైగా ఛాత్రోపాధ్యాయులంటే అందరూ ఒకే వయసువాళ్లు కారు. డీఎడ్‌లో ఇంటర్ కాగానే వచ్చినవాళ్లుంటారు. బీఎడ్‌లో పెళ్లయి, పిల్లలు పుట్టాక మళ్లీ పుస్తకం పట్టిన తల్లులుంటారు. నెలాఖరుకు డేటా అయిపోతే రీచార్జికి ఇంట్లో అడగాల్సిన ఆడపిల్లలుంటారు. ల్యాప్‌టాప్ మీద మొదటిసారి చేయి పెట్టింది మా కంప్యూటర్ ల్యాబులోనే అన్నవాళ్లూ తగులుతారు. ఇంతమందికి కలిపి ఒక సగటు మార్కు తీసి 'వైఖరి సానుకూలం' అని రాసుకుంటే మనకేం తెలిసినట్టు?

వాళ్లతో తీరిగ్గా కూర్చుంటే లోపలి మాటలు బయటికొస్తాయి. "మధ్యలో ఆగిపోతే పిల్లలు గోల చేస్తారు మేడం, మళ్లీ క్లాసు నా చేతికి రాదు" అంటుంది ఒకమ్మాయి. "తొమ్మిదో తరగతి కుర్రాడు లేచొచ్చి సరిచేస్తాడండీ, అప్పుడు నేనెందుకు అక్కడ?" అంటాడు ఇంకొకతను. "పాడైతే ఎవరు కట్టుకోవాలి?" అన్న ప్రశ్న అందరికీ ఉంది. ఈ భయాల్ని వ్యతిరేక వైఖరి అని రాసుకోకూడదు. కొత్తగా తరగతిలో నిలబడ్డ మనిషికి పిల్లల నమ్మకం ఒక్కటే ఆస్తి. దాన్ని మొదటి వారంలోనే పణంగా పెట్టమంటే జంకుతారు. జంకాల్సిందే. లేచొచ్చే ఆ కుర్రాణ్ణి పోటీగా చూడకుండా, వారానికొక జట్టు చొప్పున ప్యానెల్ బాధ్యత పిల్లలకే అప్పగించవచ్చని వాళ్లకు ఎవరో ఒకరు ముందే చెప్పి, చేసి చూపాలి. ఆ ఒక్క ఏర్పాటుతో భయం సగానికి సగం తగ్గడం నేను చూశాను.

అసలు బోధన ఎక్కడ నేర్చుకుంటాం? బీఎడ్ కాలేజీలో అనుకుంటాం. డాన్ లోర్టీ అనే సమాజ శాస్త్రవేత్త 1975లో వెలువరించిన పుస్తకంలో దీనికి ఇంకో జవాబు చెప్పాడు. అమెరికాలో బడి చదువు పూర్తయ్యేసరికి ఒక విద్యార్థి సుమారు 13,000 గంటలు టీచర్లను చూస్తూ గడుపుతాడని లెక్కగట్టాడు. పాఠం చెప్పడమంటే ఏమిటో ఆ గంటల్లోనే మనసులో ముద్రపడిపోతుంది. మన పిల్లల సంగతీ అంతే. వాళ్లు చూసిన మంచి మాస్టారు సుద్దముక్కతోనే మంచి మాస్టారయ్యాడు. వాళ్లు ప్రేమించిన తెలుగు టీచరు పుస్తకం మూసి గొంతెత్తి పద్యం చదివి మనసు దోచుకుంది. తెర వాడి ఒక కష్టమైన విషయాన్ని విడమరిచిన గురువును చూసినవాళ్లు తక్కువ. చూడనిదాన్ని చేయమంటున్నాం.

ఈ లోటు ఇవాళ్టిది కాదు. మన నేల మీద దీనికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1975 ఆగస్టు 1న ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, సైట్ అనేవారు, మొదలైంది. నాసావారి ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు ఏడాదిపాటు కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. బడిపిల్లలకు పొద్దున్నే తెలుగులో పాఠాలు వచ్చేవి. ఆ ప్రయోగంలో నాకు నచ్చే సంగతి ఒకటుంది. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు అదే టీవీ ద్వారా, రేడియో ద్వారా విజ్ఞాన శాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. యంత్రంతో పాటు టీచరు గురించి కూడా ఆలోచించిన సందర్భం అది. ఆ తర్వాత అనేకసార్లు యంత్రం ముందు వచ్చింది, టీచరుకు కబురు తర్వాత అందింది. బడులకు రేడియో కమ్ క్యాసెట్ ప్లేయర్లు వచ్చాయి, టీవీలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. చాలాచోట్ల అవి బీరువాలో భద్రంగా ఉన్నాయి. లారీ క్యూబన్ అనే చరిత్రకారుడు సినిమా, రేడియో, టీవీలు అమెరికా బడుల్లో ఇదే దారి పట్టిన వైనాన్ని 1986లోనే పుస్తకంగా రాశాడు.

ఇది రేడియో ప్రసంగం కాబట్టి రేడియో ఊసు కూడా చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఆకాశవాణి ద్వారా ప్రాథమిక బడుల కోసం 'విందాం నేర్చుకుందాం' కార్యక్రమం వచ్చేది. రేడియోలోని గొంతు ప్రశ్న అడిగేది, ఆగేది, గదిలోని పిల్లలు జవాబు చెప్పేవారు. ఆ ఆగే జాగాను బతికించాల్సింది ఎదురుగా ఉన్న టీచరే. రేడియో పెట్టి ఆఫీసు గదిలోకి వెళ్లిపోతే అది చప్పుడు. పక్కన నిలబడి పిల్లల చేత పలికిస్తే అది పాఠం.

ఇప్పుడు సాధనాలకు కొదవ లేదు. 2017 సెప్టెంబరు 5న డిజిటల్ పాఠాల కోసం దీక్షా వేదిక వచ్చింది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు, తర్వాత ఉన్నత పాఠశాలల్లో ప్యానెళ్లు బిగించారు. తెలంగాణలో టీశాట్ విద్యా ప్రసారాలున్నాయి. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా అక్కడి పిల్లలకు పాఠాలు నడిచాయి. నేడు బీఎడ్‌లో ఉన్నవాళ్లలో చాలామంది ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని తెర మీద పాఠాలు విన్నవాళ్లే. తెర అంటే వాళ్లకు గుర్తొచ్చేది ఒంటరితనం, నెట్ ఆగిపోవడం, మ్యూట్‌లో కూర్చోవడం. దాన్ని కూడా మనం లెక్కలోకి తీసుకోవాలి.

ఒక మనిషి కొత్త యంత్రాన్ని ఎందుకు అంగీకరిస్తాడు? ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు 1989లో దీనికి రెండు కారణాలు చెప్పాడు. అది నాకు ఉపయోగపడుతుందన్న నమ్మకం, దాన్ని వాడటం తేలికన్న నమ్మకం. మన శిక్షణంతా రెండో దాని చుట్టూనే తిరుగుతోంది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్లయింది, సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత (ఐసీటీ) ఒక పేపరుగా చేరింది. ల్యాబుకు తీసుకెళ్లి ఫైలు ఎలా తెరవాలో, స్లయిడ్ ఎలా చేయాలో, పట్టికలో మొత్తం ఎలా కూడాలో నేర్పుతాం. రికార్డు రాయిస్తాం. మొదటిది, అంటే నా పాఠానికి ఇది ఎందుకు కావాలన్న సంగతి, బోధనా పద్ధతులు చెప్పే మెథడాలజీ క్లాసులో తేలాలి. అక్కడ దాని ప్రస్తావనే తక్కువ. నేను ఇవాళ గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. వైఖరి పుట్టేది కంప్యూటర్ ల్యాబులో కాదు. లెక్కల మెథడాలజీ గదిలో, తెలుగు మెథడాలజీ గదిలో పుడుతుంది.

లెక్కలే తీసుకోండి. త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు. పిల్లల చేత కాగితం త్రిభుజాలు కత్తిరించి, మూలలు చింపి, ఒకదాని పక్కన ఒకటి పేర్పించడం పాత పద్ధతి. సరళరేఖ వస్తుంది. ఇది చేతికి తెలిసే జ్ఞానం, దీన్ని వదులుకోకూడదు. కాకపోతే ఒక్కో పిల్లకు ఒక్కో త్రిభుజమే అయింది. "బాగా సన్నగా, పొడుగ్గా ఉంటేనో?" అని ఎవరో అడుగుతారు. అప్పుడు జియోజీబ్రా తెరవాలి. 2001లో మార్కుస్ హోహెన్‌వార్టర్ ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. శీర్షాన్ని వేలితో లాగుతుంటే మూడు కోణాలూ మారిపోతుంటాయి, మొత్తం మాత్రం కదలదు. పిల్లలు దాన్ని ఎలాగైనా మార్చాలని పట్టుబడతారు. ఎంత లాగినా మారదు. ఎందుకు మారదు అన్న ప్రశ్న అప్పుడు వాళ్ల నోటి నుంచే వస్తుంది. ఇక తెర ఆపేసి, నల్లబల్ల దగ్గరికి వెళ్లి, భుజానికి సమాంతర రేఖ గీసి నిరూపణ చెప్పాలి. కాగితం, తెర, సుద్దముక్క, ఈ వరసలో ప్రతిదానికీ ఒక పని ఉంది. ఈ పాఠాన్ని మా గదిలో ఒక్కసారి చూసిన ఛాత్రోపాధ్యాయులు జియోజీబ్రా కష్టమా సులువా అని అడగరు. చతుర్భుజానికి ఎలా చేయాలి అని అడుగుతారు.

భౌతిక శాస్త్రంలోనూ ఇంతే. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లలో కొన్ని తెలుగులోనే దొరుకుతాయి. తీగలో ఎలక్ట్రాన్లు కదలడం కంటికి కనపడదు, అక్కడ అది చూపిస్తారు. కానీ వైరు వదులుగా ఉండి బల్బు వెలగకపోతే ఎక్కడ పొరపాటో వెతికే ఓపిక నిజమైన బ్యాటరీ, నిజమైన వైరు చేతికిస్తేనే అలవడుతుంది. ఈ తేడా తెలిసిన టీచరు "ఈ పాఠానికి తెర వద్దు" అంటే దాన్నీ నేను సాంకేతిక పరిజ్ఞానం కిందే లెక్కవేస్తాను. మిశ్రా, కోలర్ అనే ఇద్దరు 2006లో చెప్పింది ఇదే. విషయ జ్ఞానం, బోధనా జ్ఞానం, సాధన జ్ఞానం మూడూ కలిసే చోట టీచరు నిలబడాలన్నారు.

తెలుగు చెప్పబోయేవాళ్ల ఇబ్బంది వేరు. ఊళ్లో డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైపు చేయించుకుని వస్తారు. బడి కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలన్నీ చెదిరిపోయి అర్థం కాని గుర్తులు కనబడతాయి. ఆ ఒక్క అవమానం చాలు, మళ్లీ ఆ వైపు రారు. యూనికోడ్‌లో టైపు చేయడం వాళ్లకు ఫోనులో రోజూ అలవాటే. అదే పని కంప్యూటర్ మీద కూడా చేయవచ్చని కూర్చోబెట్టి చూపించేవాళ్లు కావాలి, ఒక్క పూట పని అది. నా దృష్టిలో తెలుగు టీచరుకు అన్నిటికన్నా గొప్ప సాధనం ఫోనులోని రికార్డరు. ఒత్తులు మింగేసే పిల్లవాడి చేత ఒక పేరా చదివించి, రికార్డు చేసి, వాడికే వినిపించండి. ఎవరూ తప్పు పట్టక్కర్లేదు. వాడే ఆగి, "మళ్లీ చదువుతానండీ" అంటాడు. పిల్లల్ని వాళ్ల నాయనమ్మ చెప్పే కథ ఆమె యాసలోనే రికార్డు చేసుకుని రమ్మంటే, ఆ ఊరి మాట తరగతిలోకి గౌరవంగా నడిచొస్తుంది. దీనికి ప్యానెల్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు.

రికార్డు చేయడం అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. పిల్లల ఫొటోలు, వీడియోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం మన ఛాత్రోపాధ్యాయుల్లో మామూలైపోయింది. ఉత్సాహంతోనే పెడతారు. అయినా 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరన్నది. చట్టం సరే, ఆ పిల్లలు మన పాఠానికి ప్రచారం కాదు. ఈ మాట మాత్రం నేను కొంచెం కటువుగానే చెబుతుంటాను.

ఇక ఈ రెండు మూడేళ్లుగా కొత్తగా వచ్చిన సంగతి. పాఠ్యపథకాలు చాట్‌జీపీటీ రాసిపెడుతోంది. సీనియర్ల రికార్డు చూసి రాయడం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఈ ప్రలోభం ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలుసు. ఎన్ని రికార్డులు, ఎన్ని పథకాలు రాయిస్తున్నామో లెక్కచూసుకుంటే వాళ్ల మీద కోపం రాదు. దాచిపెట్టి వాడుకునేకన్నా బల్ల మీద పెట్టి చూద్దామని మా తరగతిలో ఒక పని చేస్తున్నాం. యంత్రం రాసిన పథకాన్ని తెచ్చి, ఇంటర్న్‌షిప్ చేసిన తరగతిలోని ముగ్గురు నిజమైన పిల్లల్ని మనసులో పెట్టుకుని దాన్ని దిద్దాలి. ఒకడు చదవలేడు, ఒకతె అన్నీ ముందే చెప్పేస్తుంది, ఒకడు వారానికి మూడు రోజులు పత్తి చేలో ఉంటాడు. ఈ ముగ్గురినీ ఎరిగినది ఛాత్రోపాధ్యాయురాలు మాత్రమే. ఎర్ర సిరాతో ఆమె దిద్దిన భాగమే ఆమె చదువు. ఆ దిద్దుబాట్లు చదువుతుంటే నాకు కలిగే సంతోషం అంతా ఇంతా కాదు.

పథకం దిద్దడం నేర్చుకున్నాక దాన్ని తరగతిలో నడపడం నేర్చుకోవాలి. చిన్న పాఠాలతో సాధన చేయించే సూక్ష్మబోధనలో నల్లబల్ల వినియోగం ఒక నైపుణ్యం. అక్షరం ఎంత ఉండాలి, గీత వంకర పోకుండా ఎలా రాయాలి, రాసిందానికి అడ్డురాకుండా ఎక్కడ నిలబడాలి, పనికిరానిది ఎప్పుడు తుడవాలి అని పదే పదే సాధన చేయిస్తాం. తెర విషయంలో ఇలాంటి సాధన ఎక్కడ? వీడియో ఎక్కడ ఆపి ప్రశ్న అడగాలి? శబ్దం ఎప్పుడు తీసేసి పిల్లల చేతే వివరింపజేయాలి? వెనక బెంచీ వాళ్లకు అక్షరం కనబడుతోందా? అన్నిటికన్నా ముఖ్యంగా, తెరను ఎప్పుడు నల్లగా చేయాలి? తెర వెలుగుతున్నంతసేపు పిల్లలు టీచరు ముఖం చూడరు. ఐదు నిమిషాలు చూపించి ఆపేయగలగడం ఒక నేర్పు, దాన్ని అద్దం ముందు పద్యం సాధన చేసినట్టు సాధన చేయాలి.

టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీ గురించి నాలుగు మాటలు. ఈమధ్య రెండు రాష్ట్రాల్లోనూ డీఎస్సీ కంప్యూటర్ మీదే జరిగింది. అందువల్ల మౌస్ భయం పోయింది, మంచిదే. అయితే సెకండరీ గ్రేడ్ టీచరు, స్కూల్ అసిస్టెంట్ ఎంపికలో పాఠం చెప్పి చూపించే ఘట్టం లేదు. బిట్లు చదివే హడావుడిలో పాఠం వెనక్కి పోతోంది. దీని బాధ్యత ఛాత్రోపాధ్యాయులది కాదు.

చివరిగా ఇంటర్న్‌షిప్. ఎన్‌సీటీఈ ప్రకారం బీఎడ్‌లో మొత్తం ఇరవై వారాలు బడిలో గడపాలి. కానీ బడిలో ఛాత్రోపాధ్యాయురాలు అతిథి. తాళంచెవి హెడ్మాస్టరు దగ్గర ఉంటుంది, ప్యానెల్ ఉన్న గదికి టైంటేబుల్ వేరు, సిలబస్ వెనకపడుతుందని క్లాస్ టీచరు గడియారం చూస్తుంటారు. హెడ్మాస్టర్లకు నా విన్నపం. మొదటి రోజే ఆ గది తాళం చేతికిచ్చి, పాడైతే మేం చూసుకుంటాం అనండి. మీ ఒక్క మాటతో మారేంత వైఖరి మా ఐసీటీ పేపరు మొత్తంతోనూ మారదు. సీనియర్ టీచర్లు కూడా ఆ పీరియడ్‌కు వెనక బెంచీలో వచ్చి కూర్చోండి. ఆ అమ్మాయి మీ దగ్గర తరగతిని నిలబెట్టడం నేర్చుకుంటుంది, మీరు ఆమె దగ్గర జియోజీబ్రా నేర్చుకోవచ్చు. ఇలా పరస్పరం నేర్చుకున్న బడులు ఉన్నాయి, వాటికి మళ్లీ మళ్లీ మా విద్యార్థుల్ని పంపాలనిపిస్తుంది.

మాలాంటి పర్యవేక్షకులు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. మన పరిశీలన పత్రంలో 'ఐసీటీ వాడారా' అని ఒక గడి, దానికి అవును, కాదు అని రెండు జవాబులు ఉంటాయి. ఆ గడి కొట్టేయండి. దాని స్థానంలో, ఈ పాఠంలో పిల్లలకు ఎక్కడ కష్టమనిపించింది, దానికి ఏ సాధనం ఎంచుకున్నారు, ఎందుకు, లేదా ఎందుకు వద్దనుకున్నారు అని అడిగి, కింద నాలుగు గీతల ఖాళీ వదలండి. వచ్చే ఇంటర్న్‌షిప్ నుంచే ఇది మొదలుపెట్టవచ్చు, దీనికి ఎవరి ఉత్తర్వులూ అక్కర్లేదు.